సొంత సవరణ మీద ఎత్తిన చెయ్యి

తాళాల వీధిలో ఒక్క కొట్టు కూడా కూలనివ్వనని, ఆ వీధి మధ్యన బల్లెక్కి మాటిచ్చి తప్పినవాణ్ణి. ఏ పార్టీ అండా లేకుండా గెలిచి, తర్వాత పెద్ద పార్టీలో చేరి, సభలోనే ముసలివాణ్ణయిన నేను, తెలివి నిలకడగా ఉండగా, ఎవరూ చెప్పకుండా ఈ వీలునామా రాస్తున్నాను. ఎవరూ చెప్పకుండా ఏదైనా చేసి చాలాకాలమైంది.

1. నా పుస్తకాలన్నీ గ్రంథాలయానికి. అంచుల్లో నేను రాసుకున్న వీరాలాపాలను ఎవరూ నమ్మవద్దని మనవి.

2. నా చేతిగడియారం తాళాల మేస్త్రికి. మొదటి ఎన్నికల్లో నన్ను భుజాన ఎక్కించుకుని తిప్పింది ఈయనే. వీధి విస్తరణ బిల్లులో ఆ కొట్లను వదిలేయాలని సవరణ పెట్టింది నేనే. మా పార్టీలో ఓ పద్ధతి ఉండేది: ముందు వరసలో విప్ కళ్ళజోడు తీస్తే, వ్యతిరేకిస్తూ చేతులెత్తాలి. నా సవరణ మీద ఓటింగు జరుగుతుండగా ఆయన కళ్ళజోడు తీశాడు. అది సైగో, చెమట తుడుచుకోవడమో నాకు నేటికీ తెలియదు. వ్యతిరేకంగా లేచిన చేతుల్లో నాదీ ఉంది. సభంతా నవ్వింది. కొట్లు పోయాక మేస్త్రి మా గుమ్మం ముందు నిలబడి, "చెయ్యి నొప్పెట్టిందా అన్నా?" అని మాత్రం అడిగాడు. గడియారం వద్దంటే బతిమాలకండి.

3. కాలం చేసిన నా భార్య కుట్టుమిషను కోడలికి. మేస్త్రి అలా అడిగి వెళ్ళిన పూట వడ్డిస్తూ ఆవిడ, "ఏ చెయ్యండీ?" అంది. ఎడమదని అబద్ధమాడాను.

4. ముందుగది ఆఫీసుతో సహా ఇల్లు నా కూతురికి. తనూ ఏ పార్టీ లేకుండా పురపాలక సభకు గెలిచింది. ఇప్పుడు అదే పార్టీ పిలుస్తోంది. వారంలో జవాబు చెప్పాలట. చేరితే ఇల్లు దక్కదని లాయరు చేత షరతు రాయించి, మళ్ళీ కొట్టేయించాను. ఆ షరతుంటే నేనూ విప్‌నే.

అమ్మా, లోపలున్నాను గనకే కొండమీది ఇళ్ళకు నీళ్ళు తేగలిగాను. బయటున్న నా స్నేహితులు గొప్ప ఉపన్యాసాలిచ్చారు. ఒక్క బిందె నింపలేదు. అదీ నిజమే. వెళ్ళదలిస్తే వెళ్ళు. పదవి ఇవ్వకముందే ఒకసారి వాళ్ళ మాటకు ఎదురు నిలబడు. తర్వాత చేతకాదు. నాకు ఒక్కసారీ చేతకాలేదు. ఎదురుగా చెప్పడానికి ముఖం చెల్లక ఇక్కడ రాస్తున్నాను. నేను పోయేదాకా ఆగకుండా, సంతకాలు కాగానే ఈ క్లాజు నా కూతురికి చదివి వినిపించాలి.

5. పార్టీలో అందరూ 'నిదానం' అని పిలిచే నా బావమరిదికి ఏమీ లేదు. "బయట మొరిగితే కుక్కంటారు బావా, లోపల మొరిగితే కాపలా అంటారు" అని నన్ను లోపలికి నడిపించాడు. నేను నోరు తెరవబోయిన ప్రతిసారీ "ఇప్పుడు కాదు బావా, నిదానంగా" అన్నాడు. మొన్న నా కూతురి దగ్గరికి కబురు మోసుకొచ్చిందీ ఈయనే.

6. అమలు బాధ్యత నా కొడుక్కి. రాజకీయాలంటే వాడికి అసహ్యం గనక నమ్మవచ్చు.

తేదీ: మార్చి పదకొండు
సంతకం: తాళాల వీధి మాజీ సభ్యుడు

మొదటి సాక్షి: పక్కింటి దర్జీ.

రెండో సాక్షి: ఆస్తిలో వాటా లేనివాడే సాక్ష్యానికి పనికొస్తాడని లాయరు చెప్పగా కబురుపెట్టి పిలిపించిన మనిషి, ఎత్తిన చెయ్యి నాదేనని తెలిసీ నేటికీ నేను తప్పుపట్టే మనిషి, నా బావమరిది, నిదానం.