రబ్బరు ఊడిన పెడల్

ప్రియమైన స్టోరు బాబాయికి,

నేను బాగున్నాను. కళ్ళజోళ్ళ దుకాణమూ బాగానే నడుస్తోంది. చూపు తగ్గేవాళ్ళకి లోటేముంది! నాన్న కులాసాగానే ఉన్నాడు, అంటే ఎప్పటిలాగే నోరు మెదపకుండా ఉన్నాడు.

నీతో ఒక పని పడింది. మిలిటరీలో మీరిద్దరూ తిరిగిన ట్రక్కు ఉంది చూడు, అచ్చం అదే ప్లాస్టిక్ కిట్‌గా దొరికింది. అసలు బండిలో ముప్పై అయిదో వంతు. పెట్టె తెరిస్తే అన్నీ ముక్కలే: చక్రాలు, స్ప్రింగులు, గింజంత గేరు కర్ర. దుకాణం మూసాక భూతద్దం పెట్టుకుని ఒక్కో ముక్క కత్తిరించి, గరుకు కాగితంతో రుద్ది, గమ్ పెట్టి అతికిస్తున్నాను. "ఈ వయసులో బొమ్మలాటేమిటండీ" అని నీ కోడలు ఒకటే నవ్వు. నవ్వనీ.

సరదా ఒక్కటే కాదు బాబాయ్. ఆ బండి కొండ దిగుతూ బోల్తాపడి, వెనక సామాన్ల మీద కూర్చున్న వంటవాడు చనిపోయిన నాటి నుంచి నాన్న మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. నడుపుతూ నిద్రపోయి ఒక మనిషిని చంపానని కుమిలిపోతూనే ఉన్నాడు. తలకి తగిలిన దెబ్బతో ప్రమాదం ఆయనకి గుర్తే లేదు, తప్పు మాత్రం మర్చిపోలేడు. ఆ బండిలో మంచి రోజులు కూడా ఉన్నాయని ఒక్కసారైనా ఆయనకి అనిపించాలని నా ఆశ. అడిగితే లేచి వెళ్ళిపోతాడు. కాబట్టి స్టోరు సామాన్ల లెక్క చూస్తూ పక్క సీట్లో కూర్చుని తిరిగిన నువ్వే నాకు దిక్కు. నీకు నడపడం రాకపోయినా ఆ బండి గురించి తెలియనిది లేదుగా! ఏ రంగు, ఎక్కడ సొట్ట, అన్నీ రాయి.

నీ అబ్బాయి

—

చిరంజీవి అబ్బాయికి బాబాయి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి ఎంత పొంగిపోయానో! మీ పిన్నికి రెండుసార్లు చదివి వినిపించాను.

పెట్టెలో ఇచ్చిన ఆకుపచ్చ ఉన్నదున్నట్టు వేశావంటే బండి పెళ్ళికొడుకులా ఉంటుంది. మాదెప్పుడూ అంత పచ్చగా లేదు. కాస్త బూడిద రంగు కలుపు. చక్రాల పైన మట్టి రంగు పొడిపొడిగా అద్దు. ముందు బంపరుకి ఎడమ మూల సొట్ట ఉండాలి. గోదాము గేటుకి కొట్టింది మీ నాన్న, తిట్లు తిన్నది నేను. నేను చెయ్యి సరిగ్గా ఊపలేదట! టార్పాలిన్ ప్లాస్టిక్‌ది పెట్టకు, ముడతలు రావు. పల్చటి కాగితం గమ్ నీళ్ళలో తడిపి కప్పు. దాని మీద ఒక అతుకు కూడా వెయ్యి, అది గోనెసంచి సూదితో నేను కుట్టిందే.

క్యాబిన్ లోపల ఎవరు చూస్తారులే అని వదిలెయ్యకు. డ్రైవరు సీటు చిరిగి ఉండేది, మడిచిన గోనె వేసుకునేవాళ్ళం. బ్రేకు పెడల్‌కి నల్ల రంగు వెయ్యి. క్లచ్‌కి మాత్రం వెండి రంగు. ఆ చివరి దిగుడులో గేరు మార్చబోతే రబ్బరు కాస్తా ఊడొచ్చింది. బూటు కింద ఉత్త ఇనుము, నూనె రాసినట్టు జారింది. ఆ జారుడు ఇప్పటికీ నా ఎడమ కాల్లో ఉంది.

మీ నాన్న నాకు తోడబుట్టినవాడికన్నా ఎక్కువ. వాణ్ణి జాగ్రత్తగా చూసుకో.

నీ బాబాయి

—

ప్రియమైన బాబాయికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. క్యాబిన్ కప్పు ఇంకా అతికించలేదు, లోపల కనబడాలని. నిన్న ధైర్యం చేసి నాన్న ముందు పెట్టాను.

లేచి వెళ్ళిపోలేదు! భూతద్దం తీసుకుని చాలాసేపు చూశాడు. బంపరు సొట్ట దగ్గర నవ్వు కూడా వచ్చింది. "వాడు చెయ్యి అటు ఊపాల్సింది ఇటు ఊపాడురా" అన్నాడు. ఎన్నేళ్ళయింది బాబాయ్, ఆయన నవ్వగా చూసి! నేను లోపలికి పరుగెత్తి నీ కోడల్ని పిలుచుకొచ్చాను.

తిరిగొచ్చేసరికి క్లచ్ పెడల్ చూస్తున్నాడు. "దీని రబ్బరేది?" అన్నాడు. నీ ఉత్తరం తెచ్చి ఆ ముక్క చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మళ్ళీ చదివాను. "పక్క సీటు కింద పెడల్ ఉండదు కదరా. వాడి కాలికి ఎలా తెలిసింది?" అన్నాడు.

నేనే సర్దిచెప్పాను. బండి పడ్డాక చూసుంటాడు నాన్నా, మాటవరసకి అలా రాశాడు అన్నాను. అంతే కదా బాబాయ్? ఒక్క ముక్క రాయి. ఆయన నిన్నటి నుంచి కంచం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. నాకు భయంగా ఉంది.

నీ అబ్బాయి

—

చిరంజీవి అబ్బాయికి,

నీ ఉత్తరం అందింది. ఆ తర్వాత నువ్వు రాసిన రెండు కార్డులూ అందాయి. కాళ్ళ వాపులతో జవాబు రాయలేకపోయాను.

వయసు మీద పడ్డవాణ్ణి, ఏదో రాశాను. ఎవరో చెప్పింది, ఎక్కడో చూసింది అన్నీ కలిసిపోతున్నాయి. క్లచ్‌కి కూడా నల్ల రంగే వేసెయ్యి. అసలు ఆ బొమ్మ మీ నాన్న కంటపడకుండా ఎక్కడైనా పెట్టెయ్యి. మానుతున్న పుండు గెలకడం దేనికి?

ఏటా వంటవాడి భార్య ఇంటికి మేమిద్దరం కలిసి వెళ్ళి పలకరించి వస్తాం కదా, ఈ ఏడు నేను రాలేను. మీ నాన్నని వెళ్ళమను. వాడు వెళ్ళకపోతే ఆవిడ నొచ్చుకుంటుంది.

ఇక ఈ సంగతి మీద నాకు రాయకు.

బాబాయి

—

నమస్కారం.

'ప్రియమైన' అని అలవాటుగా రాసి కొట్టేశాను. 'బాబాయి' అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

మీరు అవునని రాయలేదు, కాదనీ రాయలేదు. నల్ల రంగు వేసెయ్యమన్నారు. నేను వెయ్యలేదు.

నాన్న నోరు విప్పాడు. టీ కోసం ఆగినచోట ఆయన ఒళ్ళు జ్వరంతో కాలిపోతోందట. "నువ్వు ఇటొచ్చి ఒరుగు, దిగుడే కదా, నేను చూసుకుంటాను" అన్నారట, నడపడం సరిగ్గా రాని మీరు. మీ సీట్లో కూర్చుని కిటికీకి తల ఆనించడం ఆయనకి గుర్తుంది. ఇన్నేళ్ళూ దాన్ని జ్వరంలో వచ్చిన కల అనుకున్నాడు. ఎందుకంటే ఆస్పత్రిలో కళ్ళు తెరిచేసరికి మీరు ఆయన చెయ్యి పట్టుకుని, "నడుపుతూ నిద్రపోయావురా, భయపడకు, నేనున్నాను" అన్నారు. విచారణలోనూ అదే చెప్పారు. మా నాన్న తన తలని నమ్మలేదు, మిమ్మల్ని నమ్మాడు.

వీధిలో ఎవరైనా ఆయన్ని ఒక మాటంటే మీరు వాళ్ళ మీదికి వెళ్ళేవారు. నన్ను భుజానికెత్తుకుని, మీ నాన్న చెడ్డవాడు కాడురా అని చెప్పేవారు. ఎంత మంచివారనుకున్నాం! ముంచింది మీరే, తల తుడిచిందీ మీరే. నేను ప్రేమించి పెరిగిన మనిషి ఎవరో ఇప్పుడు నాకే తెలియడం లేదు.

నిన్న నాన్నతో వంటవాడి ఇంటికి వెళ్ళాను. ఆయన గుమ్మం దాటకుండా తలవంచుకుని నిలబడ్డాడు, ఎప్పుడూ అలాగే నిలబడతాడట. ఆవిడ కుర్చీ చూపించి, "మీ స్నేహితుడు రాలేదేం? మీరు వీధిలోకి దిగాక ఆయన ప్రతిసారీ వెనక్కొచ్చి, వాణ్ణి క్షమించమ్మా అని నన్ను బతిమాలేవారు. ఆయన మొహం చూసే నేను మీ మీద కోపం వదులుకున్నాను" అంది.

నేను చెప్పెయ్యబోయాను. నాన్న నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బయటికొచ్చాక, "నేను చెబితే తప్పించుకోవడానికి చెప్పినట్టుంటుంది" అన్నాడు. కొంతదూరం నడిచాక మళ్ళీ అన్నాడు: "భయపడి అబద్ధమాడాడు, సరే, ఓర్చుకుంటాను. కానీ నా కోసం క్షమాపణ కూడా వాడే అడిగాడట్రా!" ఆ మాట అని రోడ్డు మీదే కూలబడ్డాడు. మా నాన్న ఏడవగా నేను చూడటం అదే మొదలు.

ఆ ఇల్లు మీకు తెలుసు. ఈసారి వెళ్ళి మీ కోసం క్షమాపణ అడగండి.

మీ సీట్లో పడుకున్న మనిషి కొడుకు