పాలు మోసిన ఏడాది

సెప్టెంబరు 6, 1954, సోమవారం

మా అమెరికా ఫుట్‌బాల్ ప్రాక్టీసు మొదలైంది. నా పాల క్యాను మోత కూడా మొదలైంది. మా వాల్డెక్ కాలేజీ ఆచారం ఇది. రిడ్జ్‌లీ కాలేజీ వాళ్ళతో ఆటలో ఎవడివల్ల గంట పోతుందో, వాడు మరుసటి సీజనంతా జట్టు భోజనం బల్లకి పాలు మోయాలి. గెలిచినవాళ్ళ దగ్గర ఏడాదిపాటు ఉండే ఇత్తడి గంట అది.

పోయినేడు పోగొట్టింది నేనే. సెంటర్‌ని. వంగి, కాళ్ళ సందులోంచి బంతి వెనక్కి విసరడం నా పని. చివరి నిమిషంలో విసిరిన బంతి, తన్నాల్సిన డెల్బర్ట్ తల మీదుగా పోయి మా వెనక గీత బయట పడింది. అలా పడితే అవతలి వాళ్ళకి రెండు పాయింట్లు. 13-14తో ఓడాం.

ఊళ్ళో మంగలి కూడా నన్ను ఆకాశం ఆల్విన్ అనే పిలుస్తున్నాడు.

సెప్టెంబరు 18

గెలిచాం. 20-0. పాలు మోశాను.

అక్టోబరు 9

నాలుగో ఆట, నాలుగో గెలుపు. ఊరికి పిచ్చెక్కింది. బేకరీ ఆవిడ జట్టందరికీ డోనట్లు ఊరికే ఇచ్చింది. నా చేతిలో పెడుతూ, ఇదైనా తలమీదుగా విసరకు బాబూ అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఒళ్ళు మండింది.

ఆదివారాలు ఇంటికెళ్ళి, పాలు పిండడం అయ్యాక కొట్టం తలుపుకి వంద బంతులు విసురుతున్నాను. ఆవులు ఆ చప్పుడికి అలవాటు పడ్డాయి. నాన్న పడలేదు.

అక్టోబరు 30

ఏడుకి ఏడు. ఇక రిడ్జ్‌లీ ఒక్కటే. కోచ్ పక్కకి పిలిచి, భయంగా ఉంటే చెప్పు, ఇంకొకణ్ణి పెడతానన్నాడు. వద్దన్నాను. నాకిది ఆఖరి ఏడాది. గంట తేకపోతే జన్మంతా ఆకాశం ఆల్విన్‌నే.

నవంబరు 6, శనివారం, సాయంత్రం ఆరు

13-10, మేమే ముందు. మోకాళ్ళ దాకా బురద. బంతి మా గీతకి ఎనిమిది గజాల్లో ఉంది. మాకు ఆఖరి ప్రయత్నం. మిగిలింది రెండు సెకన్లు. డెల్బర్ట్ తన్నాలి. ఆ తన్ను వాళ్ళు అడ్డుకుని బంతి లాక్కుని మా గీత దాటిస్తే వాళ్ళకి ఆరు పాయింట్లు, ఏడాది కష్టం మట్టిపాలే. కోచ్ బయటినుంచి సలహా చెప్పకూడదు, చెబితే పెనాల్టీ. పాపం, టోపీ కొరుక్కుంటున్నాడు.

గుమిగూడాం. ఎవడూ నా మొహం చూడలేదు. నేనే అన్నాను, ఒరేయ్, పోయినేడు లాగే తలమీదుగా గీత బయటికి విసిరేస్తాను, రెండు పాయింట్లు వాళ్ళ మొహాన కొడదాం, ఈలోగా టైము అయిపోతుంది, అయినా ఒక పాయింటు మనకి మిగులుతుంది అని. డెల్బర్ట్ పగలబడి నవ్వాడు. ఆ పనిలో నీ అంత అనుభవం ఎవడికుందిరా, కానీ బంతి గీత లోపలే ఆగి వాళ్ళకి దొరికిందో, నిన్ను ఆ గంటకే కట్టి మోగిస్తాం అన్నాడు.

విసిరాను. జన్మలో అంత బాగా ఏదీ విసరలేదు. డెల్బర్ట్ ఎగిరి, అందనట్టు నటించాడు, వెధవ. జనమంతా అయ్యో అన్నారు. అందులో నాన్న గొంతు గుర్తుపట్టాను. బంతి గీత బయట దబ్బున పడింది. ఆట అయిపోయిందని రిఫరీ పిస్టల్ పేలింది. 13-12!

జనానికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మైదానం మీదికి విరుచుకుపడ్డారు. నన్ను భుజాల మీద మోశారు. గంట మాది! ఎనిమిదికి ఎనిమిది! ఏడ్చేశాను. రాసుకోవడానికి సిగ్గేం లేదు.

నవంబరు 8

ఇవాళ పాలు కోచ్ మోసుకొచ్చాడు. మొదటి గ్లాసు నాకే పోశాడు.

పాలంటే నాకు చిన్నప్పట్నుంచీ అసహ్యం. గ్లాసు ఖాళీ చేసి, ఇంకోటి అడిగాను.