కోట కింద దొరికిన నీలం పూల పెంకు

పెనుకొండ, 1998, ఆదివారం

వాన వెలిసిందని పొద్దున్నే కోట కింది వంకకు పోయినా. వాన పడితే ఆ ఇసుకలో పాత పింగాణీ పెంకులు, నీళ్లకు అరిగి నున్నగా అయిన గాజు ముక్కలు బయటపడతాయి. పోయిన వారం దొరికిన నీలం పూల పెంకును చేతిలో పట్టుకోనే తిరిగినా, దాని జత ముక్క కనిపిస్తుందేమోనని. శుక్రవారం దాన్ని ఆరో తరగతి పిల్లలకు చూపించి, రాయలవారి రాణులు వాడిన గిన్నెదని చెప్పేసినా. ఎవరు చెప్పమన్నారు నన్ను?

గొర్రెలు తోలుకొచ్చిన ఒక అవ్వ ఆగి, "ఏం వెతుకుతాండావమ్మా?" అనింది.

"పాత పెంకులవ్వా. రాయల కాలంవి," అని చేతిలోది చూపించినా.

తిప్పి తిప్పి చూసి, "ఇది మా ఊరగాయ జాడీ కదమ్మా! కారం చాల్లేదని మా ఇంటాయన ఈడికే విసిరేసినాడు," అనింది.

నేను నమ్మలేదు. అవ్వకు రోషమొచ్చింది. గొర్రెల్ని నాకప్పజెప్పి ఇంటికి పోయింది. అరగంట సేపు గొర్రెలు కాసినా. ఆమె తెచ్చిన జాడీ మూత మీద అచ్చం అవే నీలం పూలు!

"బడిలో పిల్లలకు ఇది రాణుల గిన్నెదని అబద్ధం చెప్పినట్టయింది కదవ్వా," అని తల పట్టుకున్నా.

"దానికేముంది? ఆ ఊరగాయ తినింది రాణి కాదు, నేనని చెప్పు."

పిల్లోళ్లు నమ్మరేమోనని రేపు మూత తీసుకొని తానే బడికి వస్తాదంట. వద్దంటే వినలేదు. హెడ్మాస్టరుకు ఏం చెప్పాలో తోచడం లేదు. అవ్వకు ఆ దిగులేమీ లేదు. పెండ్లినాటి ధర్మవరం పట్టుచీర కట్టుకొస్తానని చెప్పి పోయింది.