పద్నాలుగు ఫిర్యాదులు

అలమిటోస్ వీధి, కాలిఫోర్నియా
మార్చి 9

అంపారో అక్కకు,

తమ్ముడు రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం. ఆనవాయితీ కాబట్టి ఆ ముక్క రాశాను గానీ, నాకైతే ఒళ్ళు మండిపోతోంది. ఎల్ పాసోలో నువ్వూ బావా పిల్లలూ కులాసా అనుకుంటాను. ఫోన్ చేస్తే పక్కనే నాన్న వింటాడని ఉత్తరం రాస్తున్నాను.

బూట్ల కొట్టు ఎలా ఉందని అడిగావు. ఉంది. బల్లల మీద కుడికాలి బూట్లు మాత్రమే పెడుతున్నాం, ఎడమవి లోపల తాళం వేసి. పోయిన వారం ఒకడు కుడిది తొడుక్కుని, "రెండోది కూడా తెండి పెద్దాయనా, నడిచి చూస్తాను" అన్నాడు. నాన్న తెచ్చి ఇచ్చాడు. వాడు అద్దం ముందు నాలుగడుగులు వేసి, అలాగే తలుపు తీసుకుని వెళ్ళిపోయాడు. పరిగెత్తను కూడా లేదు. వాడి పాత చెప్పులు మా మొహాన వదిలేశాడు.

పోలీసులేం చేస్తున్నారనీ అడిగావు. పట్టుకుంటున్నారక్కా. వదిలేసేది ప్రాసిక్యూటర్ ఆఫీసు. సరుకు విలువ తక్కువట, చిన్న నేరమట, కేసు నడపరట. పొద్దున పట్టుబడ్డవాడు మధ్యాహ్నానికి మా గుమ్మం ముందే సిగరెట్టు కాలుస్తూ "బాగున్నావా పెద్దాయనా" అంటాడు. వాడికంటే వాణ్ణి వదిలినవాళ్ళ మీదే నాకు కసి.

గురువారం చర్చి హాల్లో మీటింగ్ పెట్టారు. ప్రాసిక్యూటర్ తరఫున ఒకావిడ వచ్చింది. మనవాళ్ళు తమాలెలు చేసి పెడితే రెండు తింది. చేతులు తుడుచుకుని, "మీ వీధిలో దొంగతనాలు బాగా తగ్గాయి" అంది.

"తగ్గింది మా సరుకమ్మా" అన్నాడు మాంసం కొట్టు చెలో. హాలంతా గోల.

ఆవిడ కాగితం తీసింది. "బూట్ల కొట్టు నుంచి ఏడాది మొత్తానికి వచ్చినవి మూడే ఫిర్యాదులు."

నాన్న టోపీ చేతిలో పట్టుకుని లేచాడు. "పద్నాలుగమ్మా. అన్నీ నా చేత్తోనే రాశాను."

"మూడే ఉన్నాయండీ. మర్చిపోయి ఉంటారు. ఈ వయసులో మామూలే."

నాన్న నావైపు తిరిగాడు. "చెప్పరా ఫిదెన్సియో, కంప్యూటర్లో పంపింది నువ్వే కదా."

నేను నేల చూపులు చూశాను.

తిట్టాలనిపిస్తే తిట్టు. మొదటి మూడింటికీ ఒకటే జవాబు వచ్చింది, తదుపరి చర్య ఏమీ లేదని. నాకు ఒళ్ళు మండి, నాలుగోదాన్నుంచి ఒక్కటీ పంపలేదు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, బూటు రంగూ సైజూ దొంగ గడ్డం తీరూ అన్నీ వివరంగా రాసి ఇచ్చేవాడు. పంపేశానని చెప్పి చెత్తబుట్టలో పడేసేవాణ్ణి. అందరి ముందూ ఒప్పుకుంటే వీధివాళ్ళ వాదన బలహీనపడుతుందని నోరు మూసుకున్నానని మా ఆవిడకు చెప్పాను. అది అబద్ధం. భయమేసింది, అంతే. ఆ ప్రాసిక్యూటర్ ఆఫీసావిడ మీద ఇప్పటికీ పళ్ళు నూరుతున్నాను గానీ, ఆ కాగితంలో ఉన్న మాట నిజమే.

నాన్న నన్ను మళ్ళీ ఏమీ అడగలేదు. తనకే మతిమరుపు వచ్చిందని నమ్మేశాడు. లోపలి బీరువా తాళాలు నా చేతిలో పెట్టేశాడు. నిన్న తనే డాక్టర్‌కి ఫోన్ చేసి, జ్ఞాపకశక్తి పరీక్షకు సోమవారానికి పేరు రాయించుకున్నాడు. "నేను చెప్పింది వాళ్ళు నమ్మకపోవచ్చు, నువ్వు పక్కనుండరా" అన్నాడు.

ఉంటానన్నాను.

ఇట్లు,
నీ ఒక్కగానొక్క తమ్ముడు,
ఫిదెన్సియో