కొండకిచ్చిన భుజం

ప్రియమైన తమ్ముడికి,

కవరు మీద నా చేతిరాత చూడగానే ముఖం చిట్లించి ఉంటావు. "జిగురక్క మళ్ళీ మొదలెట్టింది" అని మరదలితో అనే ఉంటావు. అనుకో, నాకేం. కానీ చివరిదాకా చదివాకే చించు.

మా లైబ్రరీ కింది గదిలో నీళ్ళ పైపు పగిలి, పాత మ్యాపుల బీరువాలో అడుగు అర తడిసిపోయింది. నూట పన్నెండు షీట్లు. వాటిని ఆరబెట్టి, వెనక కుళ్ళిన గుడ్డ ఊడదీసి, కొత్త గుడ్డ అంటించే పని నా నెత్తిన పడింది. మూడు వారాలుగా పిండి జిగురు ఉడకబెట్టడం, బ్రష్షు తిప్పడం, బ్లాటింగ్ కాగితాలు మార్చడం, ఇదే బతుకు. పక్కన కూచుంటే అతుక్కుపోతానేమోనని మీ బావ నాకు రెండు కుర్చీల దూరంలో కూచుంటున్నారు.

ఇవి బళ్ళో గోడకి వేలాడే మ్యాపులు కావురా. ప్రతి మెట్ట, ప్రతి వాగు, ప్రతి బావి ఉంటాయి. ఒకే ఎత్తున్న చోట్లన్నీ కలుపుతూ గోధుమరంగు గీతలుంటాయి. గీతలు దగ్గర దగ్గరగా ఉంటే అక్కడ కొండ నిటారుగా ఉన్నట్టు. చూస్తూ ఉంటే కాగితం లోంచి కొండలు పైకి లేస్తాయి. ఒక షీటులో మన పాత ఇల్లు కనపడింది. ఆవగింజంత నల్ల చదరం. నువ్వు పడి గడ్డం పగలగొట్టుకున్న వంతెన అప్పటికి లేదు, వాగు నడిచి దాటే చోటని చుక్కల గీత మాత్రం ఉంది. మనమింకా పుట్టని మన వీధిని చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో, జిగురు గడ్డకట్టేసింది.

అసలు సంగతి ఇది. మరో షీటులో ఉత్తరపు మూల ఒక కొండ, దాని నెత్తిన 1247 అడుగులని అంకె. పేరు కూడా లేదు. నాన్న ఎప్పుడూ చెప్పే వాగు వంపు పక్కనే ఉంది కాబట్టి, ఫొటో తీయించి ఇంటికి పట్టుకెళ్ళాను. నాన్న భూతద్దం పెట్టి చూసి, ఆ అంకె మీద వేలు ఆపి, "ఇంకా అలాగే ఉందా" అన్నాడు.

"ఏది నాన్నా?"

"నా భుజం."

"కొండకి నా భుజం ఇచ్చాను" అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదా. మొదటిసారి విడమర్చి చెప్పాడు. సర్వే వాళ్ళ దగ్గర ఆయన జెండా మనిషి. కొండ మీద పదడుగుల గడ నిలబెడితే, దూరం నుంచి ఆఫీసరు దుర్బిణిలో జెండా కొసని చూసి ఎత్తు లెక్కకట్టి, అందులోంచి గడ పొడుగు తీసేస్తాడు. ఆ రోజు చెట్లు అడ్డమొచ్చాయి. కొట్టాల్సిన కూలీలు జ్వరాలతో రాలేదు. పొద్దు వాలుతోంది, మర్నాడు క్యాంపు ఎత్తేస్తున్నారు. నాన్న గడ మొదలు భుజం మీద పెట్టుకుని నిలబడ్డాడు. ఆఫీసరు గడ పొడుగు తీసేశాడు, నాన్నని తీసేయలేదు. అందుకని ఆ కొండ నాన్న భుజమంత ఎక్కువ పొడుగైంది.

ఈ సంగతి నీకు చెప్పాలనిపించింది. నీ కుట్టు షాపులోని పాత కొలతల పుస్తకంలో నాన్న భుజం నుంచి నేల దాకా ఎంతుందో చూసి రాయి. నీతో నాకు కావలసింది ఇంతే.

నీ అక్క

—

అక్కకి,

ఉత్తరం చించలేదు. మీ మరదలు చేతిలోంచి లాక్కుని చదివింది, ఆ తర్వాత నేను.

పుస్తకం తీశాను. యాభై ఆరు అంగుళాలు. పొడుగు కోటుకి తీసిన కొలత, అందుకే నేల దాకా ఉంది. ఆ కోటు గుడ్డ కత్తిరించి, సుద్ద గీతలతో సహా పై అరలో అలాగే ఉంది. తొమ్మిదేళ్ళయింది. ఎందుకు కుట్టలేదో నీకు తెలుసు.

ఆయన కథ బాగుంది. ఆయన కథలెప్పుడూ బాగుంటాయి. అమ్మ నన్ను కనడానికి రెండు రోజులు నరకం పడుతుంటే ఆయన ఇంట్లో లేడు. మూడు నెలలు లేడు. ఎక్కడో ఇంకో సంసారముందని చుట్టాలంతా అంటుంటే అమ్మ తలదించుకుని తిరిగింది. అమ్మ పోయాక, "ఒక్కసారి చెప్పు, నేను పుట్టినప్పుడు ఎక్కడున్నావు" అని అడిగాను. "కొండ మీద" అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. మనిషి చావు ముందు కూడా నిజం చెప్పని వాడి కోటు నేను కుట్టను.

కొలత అడిగావు, ఇచ్చాను. ఇక ఈ సంగతి వదిలేయ్.

నీ తమ్ముడు

—

ఒరేయ్ మొండివాడా, నా బంగారు తమ్ముడూ,

హడావిడిగా రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

అదే చోటుకి రెండో అచ్చు షీటు దొరికింది, బీరువాలో పై అరలో, తడవకుండా. రెండూ బల్ల మీద పక్కపక్కన పరిచాను. వాగు అదే, దారి అదే, బావులవే. ఒక చివర నుంచి మొదలుపెట్టి ప్రతి అంకె సరిచూసుకుంటూ వచ్చాను. ఎనభై మూడు అంకెలు, ఏవీ మారలేదు. ఒక్కటి మారింది. 1247 ఇప్పుడు 1242.

ఐదడుగులు. నీ యాభై ఆరంగుళాలంటే నాలుగడుగుల ఎనిమిది. మ్యాపుల్లో అరలూ పావులూ రాయరు, ఐదు చేస్తారు. నీ టేపు, వాళ్ళ దుర్బిణి ఒకే మాట చెప్పాయిరా. కుర్చీలో కూలబడ్డాను. మా లైబ్రేరియన్ మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఎవరైనా పోయారా అని అడిగింది. లేదు, మా నాన్న దొరికాడు అన్నాను.

ఎక్కడో ఎవరో ఆ కొండ ఎక్కబోతూ ఎత్తు ఎంతని చూసుకుని ఉంటారు. వాళ్ళు చదివిన అంకెలో మన నాన్న నిలబడి ఉన్నాడు. కొండ మీద ఉన్నానన్న మనిషి నిజంగా కొండ మీదే ఉన్నాడు. రెండు షీట్ల ఫొటోలూ పంపుతున్నాను. వచ్చి ఒకసారి ఆయన పక్కన కూచో. ఈ మధ్య అన్నం సగంలో లేచిపోతున్నాడు.

నీ అక్క

—

అక్కా,

ఫొటోలు షాపులో కత్తిరించే బల్ల మీద పెట్టుకుని చూశాను. ఆ గీతలు చూస్తుంటే, మడతలు పడ్డ గుడ్డ మీద చెయ్యి వేసినట్టుంది. ఒక మనిషి భుజం అచ్చులో ఉండిపోయిందంటే, నేనూ కాసేపు కుట్టు మిషను ఆపేశాను. అది ఒప్పుకుంటున్నాను.

కానీ ముప్పై ఏళ్ళుగా గుడ్డ కోస్తున్నవాడిని. ఎక్కడ కోశారో, ఎందుకు కోశారో నాకు తెలుస్తుంది. మొదటి షీటు ఫొటోలో కింద అంచు లేదు. మిగతా మూడు పక్కలా అంచుంది. సర్వే ఏ ఏడు చేశారో అచ్చువేసేది కింద అంచులోనే కదా?

ఏ ఏడు అక్కా?

తమ్ముడు

—

నా తమ్ముడికి,

దొరికిపోయాను. చిన్నప్పుడు కూడా నీ దగ్గర ఏదీ దాచలేకపోయేదాన్ని.

ఆ ఫొటో అంచు నేనే కోశాను. షీటు అంచులో ఉన్నది నువ్వు పుట్టడానికి ముందటి ఏడు. నువ్వు పుట్టేనాటికి ఆ కొండ పని అయిపోయి పదమూడు నెలలు. నాన్న అబద్ధమాడాడని నువ్వన్నది నిజమేనేమోనని, నీకు కనపడకుండా చేశాను. తప్పే.

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని రెండో షీటు దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. దాని కింద అంచు మీద ఎవరో ఎప్పుడో చిరుగుకి గుడ్డ పట్టీ అంటించారు. తడిపి, ఎముకతో చేసిన మొద్దు కత్తితో నెమ్మదిగా ఊడదీశాను. పట్టీ కింద ఒక చిన్న వరుస ఉంది: "ఉత్తర మూల కొండ ఎత్తు మళ్ళీ కొలిచినది", పక్కన నెల, ఏడు. నువ్వు పుట్టిన నెలరా. నువ్వు పుట్టిన ఏడు.

షీటు ఫొటో నాన్న ముందు పెట్టాను. "ఎంతుంది?" అన్నాడు, భూతద్దం తీసుకోకుండానే. "పన్నెండు వందల నలభై రెండు" అన్నాను. రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత ఏడ్చాడు. నాన్న ఏడవడం అమ్మ పోయినప్పుడు కూడా చూడలేదు నేను.

ఆ తప్పు చెప్పకుండా ఏడాది నిద్రపోలేదట. ఆ అంకెని పట్టుకుని ఎవరో కాలవ తవ్వుతారు, నీళ్ళు పారవు, అని మంచం మీద లేచి కూచునేవాడట. అప్పటికి ఏడో నెలలో ఉన్న అమ్మే, "నువ్వు నిద్రపోవు, నన్ను నిద్రపోనివ్వవు, వెళ్ళి సరిచేసుకుని రా. బిడ్డ సంగతి నేను చూసుకుంటాను" అందట. అమ్మ ఆయన సంచి గుమ్మం బయట పెట్టడం నాకు గుర్తుంది. నాకప్పుడు ఐదేళ్ళు. అమ్మ నాన్నని వెళ్ళగొట్టిందనుకుని ఇన్నాళ్ళూ మోశానది.

క్యాంపు అక్కడి నుంచి ఎప్పుడో వెళ్ళిపోయింది. ఊరూరా అడుగుతూ ఆఫీసరుని పట్టుకోవడానికే రెండు నెలలు పట్టింది. ఆయన ముందు తిట్టాడు, తర్వాత వెంట వచ్చాడు. చెట్లు కొట్టించి, గడ నేల మీద నిలబెట్టి మళ్ళీ కొలిచారు. "ఇది బయటికొస్తే నా ఉద్యోగం, నీ ఉద్యోగం రెండూ పోతాయి. ఎవరికీ చెప్పనని మాటివ్వు. అంకె నేను మారుస్తాను" అన్నాడట. నాన్న మాటిచ్చాడు. చుట్టాలు ఎన్ననుకున్నా అమ్మ ఆ మాట కాచింది. ఆ ఆఫీసరు నిజంగా మార్చాడో లేదో నాన్నకి ఇవాళ్టిదాకా తెలియదు. మొన్న నేను పాత షీటు చూపించి "ఇంకా అలాగే ఉంది" అని చెప్పినట్టయింది. అందుకే అన్నం మానేశాడు. నేను ఆయన్ని సంతోషపెట్టాననుకున్నాను.

"మరి తమ్ముడికైనా చెప్పొచ్చు కదా" అన్నాను. "అచ్చులో వచ్చిందో లేదో తెలియకుండా ఎలా చెప్పను? వాడు పుడుతుంటే వదిలేసి వెళ్ళి, చేసొచ్చిన పని కూడా అయిందో లేదో తెలియదని చెప్పనా?" అన్నాడు. ఫొటో నా వైపు జరిపి, "ఇప్పుడు చెప్పు వాడికి" అన్నాడు.

చెప్పాను. ఇక నీ ఇష్టం. ఈసారి అంచు కొయ్యలేదు, షీటు మొత్తం ఫొటో పెట్టాను.

నీ అక్క

—

ప్రియమైన జిగురక్కకి,

నీ ఉత్తరం చదివి ముందు కోపమొచ్చింది. కొడుకు పుట్టడం కన్నా ఐదడుగుల తప్పు పెద్దదా అని గట్టిగానే అన్నాను. మీ మరదలు తల ఎత్తకుండా గుండీలు కుడుతూ, "మన పాప పుట్టిన రోజు నువ్వెక్కడున్నావు?" అంది.

షాపులోనే ఉన్నాను. ఎవరిదో పెళ్ళి కోటు చంక దగ్గర పావంగుళం లాగుతోందని, వాళ్ళకి తెలియకపోయినా నాకు తెలుసు కదా అని, కుట్టంతా విప్పి కూచున్నాను. ఆసుపత్రికి వెళ్ళేసరికి పాప పుట్టి మూడు గంటలైంది.

మర్నాడు షాపు మూసి, నీ ఫొటో పట్టుకుని ఆ కొండ వైపు వెళ్ళే బస్సెక్కాను. వాగు వంపు మ్యాపులో ఎలా ఉందో అలాగే ఉంది. ఇక్కడ కూడా నడిచి దాటే చోట ఇప్పుడు కల్వర్టు వచ్చింది. గీతలు దగ్గరైన చోట నిజంగానే ఆయాసపడ్డాను. గీతలు విడిపోయిన చోట కూచున్నాను. ఎప్పుడో చనిపోయిన వాళ్ళు కాలినడకన తిరిగి ఈ కాగితం మీద రాసిందంతా నా కాళ్ళ కింద ఒక్కొక్కటిగా నిజమవుతుంటే భయమేసింది, సంతోషమేసింది. రెండూ కలిసి ఏమంటారో నాకు తెలియదు.

పైన బండకి సర్వే వాళ్ళు ఉలితో కొట్టిన గుర్తు ఉంది. చుట్టూ చెట్లు మళ్ళీ పెరిగాయి. ఆ గుర్తు మీద నిలబడ్డాను, ఎటు చూసినా ఆకులే. కింద ఉన్నవాడికి కనపడాలంటే గడ ఎత్తాల్సిందే, వేరే దారి లేదు. జేబులో టేపుంది. నా భుజం దగ్గర ఒక చివర పట్టుకుని రెండోది కాలితో తొక్కి చూశాను. యాభై ఆరు. ఆయన నా వయసులోనే అక్కడ నిలబడి ఉంటాడని కాదు, ఇంకా చిన్నవాడే. అయినా నా భుజం వచ్చి ఆయన భుజం ఉన్న చోటే ఆగింది. అక్కడే కూచుని ఏడ్చాను అక్కా. ఎవరూ లేరు, నీకు చెబితే ఫర్వాలేదు.

నాన్న అని రాస్తున్నాను, చూసుకో.

గురువారం పొద్దున బస్సుకి వస్తున్నాను. కోటు గుడ్డ తెస్తున్నాను. తొమ్మిదేళ్ళలో నాన్న కుంగిపోయి ఉంటాడు, పాత కొలత పనికిరాదు. మళ్ళీ భుజం నుంచి నేల దాకా తీయాలి. నిటారుగా నిలబడమని చెప్పు. టేపు పై కొస నువ్వు పట్టుకో. కింది కొస ఆయన పాదాల దగ్గర పట్టుకోవాలంటే వంగాలి కదా, అది నేను పట్టుకుంటాను.

నీ తమ్ముడు