పోలిక కోసం ఇచ్చిన రక్తం

మచిలీపట్నం,
బుధవారం, 5 ఫిబ్రవరి 2025.

ప్రియమైన ఫణి అన్నయ్యకి,

ఉమాశ్రీ నమస్కారాలు. వదినని అడిగానని చెప్పు. సాయిసుధకి నా ముద్దులు. ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను అని రాయడం మన ఆనవాయితీ. మొదటి సగం రాయగలను. రెండో సగం దగ్గరికొచ్చేసరికి కలం ఆగింది. అందుకే ఈ ఉత్తరం.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. చెప్పలేను. నువ్వు రెండో మాటకి నవ్వేస్తావు, మూడో మాటకి బడి గంట కొట్టారే అంటూ పెట్టేస్తావు. కాగితమైతే మధ్యలో అడ్డుపడలేవు. మా ల్యాబ్‌లో పనిచేసే నిజాముద్దీన్ గారు అవనిగడ్డ వస్తున్నారు. నాగాయలంక దాకా వచ్చి నీ చేతికే ఇస్తానన్నారు. గ్రౌండులో నిలబడి చదవకు. ఇంటికెళ్ళి, కూర్చుని చదువు.

ముందు ఆదివారం సంగతి. గుడివాడలో నలభై దాటినవాళ్ళ వాలీబాల్ పోటీకి నీ పేరిచ్చావని వదిన చెప్పింది. ఆడొద్దు. ఎందుకో చెప్తాను, కాస్త ఓపిక పట్టు.

పెదపారుపూడిలో చలపతిరావు బాబాయి ఇంట్లో మనిద్దరం కూర్చున్న రోజు గుర్తుందా? మా నాన్న వైపు మగాళ్ళు యాభై దాటకుండానే ఉన్నట్టుండి ఎందుకు పోతున్నారో తేల్చాలనే కదా నేనీ పరిశోధనలోకి దిగింది. తాతయ్య చేలో పోయాడు. నాన్న గుడివాడ రైల్వే గేటు దగ్గర, ఆగిపోయిన స్కూటర్ తోసుకుంటూ పోయాడు. రెండుసార్లూ చుట్టూ ఉన్నవాళ్ళు గ్యాస్ నొప్పి అనుకుని సోడా పట్టారట. నిజానికి అది గుండె కండరం లోలోపల మందమైపోయే జబ్బు. పైకి మనిషి దిట్టంగానే కనిపిస్తాడు. మూలం జన్యువులో ఒక చిన్న తేడా. అమ్మానాన్నల్లో ఒకరికుంటే చాలు, పుట్టిన ప్రతి బిడ్డకీ అది రావడానికి సగం అవకాశం ఉంటుంది.

వంశవృక్షం గీద్దామని పేర్లడిగితే బాబాయి మా ఇంటిపేరున్న మగాళ్ళందరినీ చెప్పి ఊరుకున్నాడు. మరి ఆడపిల్లలో అంటే, వాళ్ళు వేరే ఇంటివాళ్ళయిపోయారు కదమ్మా, వాళ్ళతో పనేముంది అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. జబ్బు ఇంటిపేరు అడిగి రాదు బాబాయ్ అని కాస్త గట్టిగానే అన్నాను. నువ్వు నవ్వాపుకోలేక చొక్కా నిండా కాఫీ ఒలకబోసుకున్నావు. ఆ తర్వాత సెలవు పెట్టి మరీ నందివాడలో అత్తయ్యల ఇళ్ళకీ, వాళ్ళ పిల్లల ఇళ్ళకీ నన్ను బండి మీద తిప్పింది నువ్వే.

పోలిక చూసుకోవడానికి, ఆ వంశంతో సంబంధం లేని ఆరోగ్యవంతుల రక్తం కూడా మాకు కావాలి. నువ్వే ముందు చెయ్యి చాపావు. నువ్వు మా పెద్దమ్మ కొడుకువి, ఇంటిపేరు వేరు, నాన్న వైపు ఏ చుట్టరికమూ లేదు. పైగా డ్రిల్లు మాస్టారివి. నువ్వేమో, మా నాన్న ఎనభై దాటాక కూడా సైకిల్ తొక్కాడు, మా వంశంలో అందరివీ ఇనప గుండెలు, రాసుకో అన్నావు. బాబాయికి అంత పాఠం చెప్పిన నేను, నీ ఇంటిపేరు చూసి నిజంగానే అలా రాసుకున్నాను.

నీ రక్తంలో మా నాన్న వైపు తేడా కనిపించింది అన్నయ్యా.

ఏళ్ళ తరబడి వెతుకుతున్న తేడా ఏ ట్యూబులో కనిపించినా నాకు లోపల్లోపల సంబరంగానే ఉండేది. గిలకలదిండిలో ఒక బోటు యజమాని ఇంట్లో దొరికినప్పుడు ల్యాబ్‌లో అందరికీ టీ ఇప్పించాను కూడా. అవతల ఒక మనిషి ఉన్నాడన్న ఆలోచన ఆ తర్వాతెప్పుడో వచ్చేది. ఈసారి మనిషే ముందు కనిపించాడు.

మొదట ట్యూబులు తారుమారయ్యాయనుకుని నిజాముద్దీన్ గారి మీద విసుక్కున్నాను. ట్యూబు మీద అనుమానంగా ఉంది, మళ్ళీ రా అని నిన్ను పిలిపించింది అందుకే. నా రక్తం అమ్ముకుంటున్నావా ఏమిటి అని ఏడిపించావు. రెండోసారీ అదే వచ్చింది. వెళ్ళి ఆయన్ని క్షమించమని అడిగితే, తప్పు నాదే అయితే ఎంత బాగుండేదమ్మా అన్నారు.

నాకు ఆ తేడా రాలేదు. నాన్న నాకు ముక్కు ఇచ్చాడు, ముక్కు మీద కోపం ఇచ్చాడు, ఇది మాత్రం ఇవ్వలేదు. సంతోషించాలి కదా? నీ ఫలితం పక్కన నా ఫలితం చూసుకుంటే సిగ్గేసింది.

కిందటి నెల ఆట మధ్యలో నీకు కళ్ళు బైర్లు కమ్మాయనీ, ఎండదెబ్బ అని చెప్పి లేచి వెళ్ళిపోయావనీ వదిన అంది. జనవరిలో ఎండదెబ్బేమిటి అన్నయ్యా!

రక్తం తీసే ముందు ఒప్పుకోలు కాగితం మీద సంతకం పెట్టించుకునేటప్పుడు నిన్ను అడిగాను, నీ ఆరోగ్యం గురించి ఏదైనా బయటపడితే చెప్పమంటావా అని. చెప్పక దాచుకుంటావా అన్నావు. అందుకే చెప్తున్నాను. మాకు ఇంకో నియమం కూడా ఉంది. ఎవరికెవరు ఏమవుతారన్న సంగతి రక్తంలో కనిపించినా మేము నోరు విప్పకూడదు. ఎన్నో కాపురాలు కూలకుండా ఆ నియమమే కాపాడుతుందని పిల్లలకి పాఠం చెప్పేదాన్ని. ఇప్పుడు ఆ రెండింటి మధ్యా ఇరుక్కున్నాను. నీకు తేడా ఉందంటే ఎలా వచ్చిందంటావు. నేను నీళ్ళు నమిలితే ల్యాబ్ తప్పంటావు, ఆదివారం ఆటకి దిగుతావు. నీ సంగతి నాకు తెలియదా?

నీ రక్తాన్నీ నా రక్తాన్నీ పక్కపక్కన పెట్టి చూడమంటే యంత్రం చెప్పేసేది. పెట్టలేదు. ఆ మాట యంత్రం నోట రాకూడదనిపించింది. చెప్పాల్సిన మనిషిని అడిగాను. ఇవాళ పొద్దున, నీ ఉత్తరంలో అడుగున కాస్త చోటు ఉంచు అంది.

భయపడకు. తేడా ఉన్నంత మాత్రాన జబ్బు వచ్చేసినట్టు కాదు. గుండెకి స్కాన్ తీస్తే తెలుస్తుంది. వచ్చి ఉంటే మందులున్నాయి, గుండె లయ తప్పితే సరిచేసే చిన్న పరికరమూ ఉంది. నాన్నకి దొరకని అవకాశం నీకు దొరికింది. శుక్రవారానికి ఇక్కడ డాక్టరుగారితో మాట్లాడి పెట్టాను. సాయిసుధని కూడా తీసుకురా, నీ కూతురు కాబట్టి దానికీ సగం అవకాశం ఉంది. పరుగు పందెంలో కప్పు తెచ్చిందని ఊరంతా చెప్పుకుంటున్నావుగా, ముందు దాని గుండె కూడా చూపిద్దాం. నీ కోసం రాకపోయినా దాని కోసం వస్తావని నాకు తెలుసు.

కోపం వస్తే వచ్చి నన్ను తిట్టు. తిట్టడానికైనా రా.

ఇట్లు,
నీ చెల్లెలు,
ఉమాశ్రీ

తా.క. నాన్నా ఫణీ, ఇది రాస్తున్నది నేను, జానకమ్మ పిన్నిని. రాత అలవాటు తప్పింది, కూడబలుక్కుని చదువుకో. మా అక్కకి పుట్టిన బిడ్డలు నిలవలేదు. నాకు తొలికాన్పులో నువ్వు పుట్టావు. పురుడు పొయ్యడానికొచ్చి నిన్ను ఎత్తుకున్న అక్క మళ్ళీ దించలేదు. నాకింకా పుడతార్లే అనుకుని ఇచ్చేశాను. నీతో ఎప్పటికీ చెప్పనని అక్కకి మాటిచ్చాను. అది పోయాక కూడా ఆ మాట మీదే ఉన్నాను. ఇవాళ తప్పుతున్నాను. అదే ఉంటే నాకంటే ముందు అదే చెప్పేది, నువ్వంటే దానికి అంత ప్రాణం. నువ్వు గుడివాడలో ఎప్పుడు ఆడినా మీ బాబాయి, ఉమాశ్రీ నాన్న, వచ్చి వల పక్కన నిలబడేవారు. బాబాయికి వాలీబాల్ పిచ్చి అనుకునేవాడివి. ఆయనకి ఆ ఆట ఓనమాలు కూడా తెలియవురా. నీకు అమ్మంటే మా అక్కే, అందులో మార్పేం లేదు. నన్ను పిన్నీ అనే పిలు, నాకు అలవాటే. ఆదివారం మాత్రం బంతి ముట్టుకోకు.