బావ అన్న పాపానికి

ముందుగా సకల జనులకూ నా క్షమాపణలు. నేను రెండు కళ్లతో పుట్టినందుకు, ఆ కళ్లు పట్టపగలు సంత మధ్యలో తెరిచి ఉంచినందుకు మా ఊరి వ్యాపారస్తులకు, పెద్దమనుషులకు, పోలీసు శాఖవారికి, ముఖ్యంగా బావగారి బ్యాచ్‌లోని సోదరులందరికీ తల వంచి మొక్కుతున్నాను. నా చూపు వల్ల మీ ప్రశాంతతకు కలిగిన భంగం పూడ్చలేనిది. ఇకమీదట రాయబోయే ప్రతి వాక్యానికీ ఈ క్షమాపణే వర్తిస్తుంది. మళ్లీ మళ్లీ అడగను.

లెంక యుగంధర్ అనే నేను, కీర్తిశేషులు లెంక సింహాచలం కుమారుణ్ని. వయస్సు ఇరవై అయిదు, చదువు బీకాం, వృత్తి సెల్‌ఫోన్ల రిపేరు మరియు జిరాక్సు. నివాసం శృంగవరపుకోట దాటాక కొండ మొదట్లో ఉన్న ఒక సంత ఊరు. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. రాస్తే మేము ఆ ఊరివాళ్లమే కాదని ఊరంతా అఫిడవిట్టు ఇచ్చేస్తుంది.

నా మతి స్థిమితంగా ఉంది. ఈ సంగతి బ్యాచ్‌వాళ్లే ధ్రువీకరించారు. "ఈడికి పిచ్చి నేదు, పొగరు" అని వాళ్ల మనిషి మా షాపు ముందు నిలబడి వీధికంతటికీ వినపడేలా చెప్పి వెళ్లాడు. ఎవరి బలవంతం మీదా ఇది రాయడం లేదు. ఉన్న బలవంతమంతా రేపు సోమవారం విజయనగరం కోర్టులో నేను నోరు తెరవకూడదనే. తెరుస్తాను. తెరిచాక క్షేమంగా ఇంటికి వస్తే ఈ కాగితం నేనే చింపేస్తాను. రాకపోతే దస్తావేజులు రాసే నా స్నేహితుడు గోపి దీన్ని కింద చెప్పిన ప్రకారం అమలు జరపాలి. ఫీజు అడగకూడదు. వాడి ఫోను ఎన్నిసార్లు ఉత్తినే బాగుచేశానో వాడికి తెలుసు.

1. నా షాపు, అందులోని జిరాక్సు మిషను, తిరిగే కుర్చీ ఆటో గంగరాజు మావకు చెందాలి.

గంగరాజు నాకు చుట్టం కాదు. మా ప్రాంతంలో పెద్దవాణ్ని మావ అంటాం, తోటివాణ్ని బావ అంటాం. ఇది బాగా గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు దీంతోనే కొంప మునిగింది. కొండమీద నుంచి గంజాయి మూటలు దింపే బ్యాచ్ ఒకటి మా ఊళ్లో ఉంది. సరుకు రోడ్డెక్కించడానికి వాళ్లకు ఆటోలు కావాలి. గంగరాజు మావ ఒక్కడే కాదన్నాడు. "నా బండిలో మనుసులెక్కుతారు, గంజాయి ఎక్కదు" అన్నాడు. అన్నది అంతే. సంత కిటకిటలాడుతున్న పూట, బ్యాచ్‌కు పెద్ద అయినవాడు కత్తి తీసి అతని కుడిచేతి మీద వేశాడు. ఇప్పుడా చేతి వేళ్లు ముడుచుకోవు. ఆటో యాక్సిలేటరు కుడిచేతి పిడిలో ఉంటుంది. కంపెనీవాళ్లు ఎడమవైపు పెట్టి ఉంటే నేను ఈ వీలునామాలో ఇంకేదన్నా రాసేవాణ్ని. జిరాక్సు మిషను బొత్తాం ఎడంచేత్తోనైనా నొక్కొచ్చు.

2. నా చలవ కళ్లద్దాలు ఆ పూట సంతలో ఉన్నవారందరికీ ఉమ్మడిగా చెందాలి. వంతులవారీగా పెట్టుకోవాలి.

పోలీసులు అడిగినప్పుడు సంతంతా అటు తిరిగి ఉందట. ఉల్లిపాయలవాడు కొండవైపు చూస్తున్నాడు, బట్టలవాడు బట్టలవైపు చూస్తున్నాడు, చెప్పుల కొట్టువాడు ఆకాశంలోకి చూస్తున్నాడు. అంత ప్రకృతి ఆరాధన మా ఊళ్లో ఉందని నాకు తెలియదు. అయితే పళ్లమ్మే లక్ష్మీనరసమ్మ ఒక్కతీ అబద్ధమాడలేదు. నన్ను పక్కకు పిలిచి, "సూసినాను బాబూ. నువ్వు కోర్టు నుంచి ఇంటికెల్లి తలుపేసుకుంటావు. నాకు తలుపేది? మల్లీ ఇక్కడే కూకోవాల" అంది. ఆమెను ఈ కళ్లద్దాల వాటా నుంచి మినహాయిస్తున్నాను. తలుపులున్నవాళ్లు మాత్రం పెట్టుకోండి.

3. కిందటి ఎస్సైగారికి ఈ చిన్న నిఘంటువు.

బావ: ఒకటి, అక్క మొగుడు. రెండు, టీ కొట్టువాడు. మూడు, బస్సు కండక్టరు. నాలుగు, ఎవరో తెలియనివాడు. అయిదు, కత్తి పట్టుకున్నవాడు.

ఎస్సైగారు సీమ నుంచి బదిలీ మీద వచ్చారు. నిజాయితీపరులు, నేను ప్రమాణం చేసి చెబుతాను. నేను స్టేషనుకు వెళ్లి "బావ నరికేసినాడండి" అన్నాను. ఆ బ్యాచ్ పెద్దకు మా ఊళ్లో వేరే పేరు లేదు. పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా అందరికీ బావే. స్టేషను గోడకు రంగులు వేయించింది బావ, పైన తిరిగే ఫ్యాను ఇప్పించింది బావ. ఎస్సైగారికి ఇవేవీ తెలియవు. "నీకు బావేనా?" అని అడిగారు. నాకూ బావేనండీ అన్నాను. ఆయన రాసుకున్నారు: ఫిర్యాదుదారుని అక్క భర్త.

పక్కనే హెడ్డు కానిస్టేబులు జగన్నాధంగారు నిలబడి ఉన్నారు. ఈ ఊరివారే. బావ అంటే ఎవరో ఆయనకు తెలుసు, ఆ కలం తప్పు దారిన పోతోందనీ తెలుసు. ఆయన అప్పుడు గోడమీది క్యాలెండరు చూస్తున్నారు. ఎస్సైగారిని నేను క్షమించాను. క్యాలెండరును క్షమించలేదు.

4. మా అసలు బావ మోహనకృష్ణకు నేను ఏమీ రాయడం లేదు. కారణం ఆఖరున ఉంటుంది.

ఈయన నెల్లిమర్లలో గోనెసంచులు కుట్టే షెడ్డులో పనిచేసేవాడు. దారానికి ముడి పడితే కత్తెర తేవడానికి కూడా రెండుసార్లు ఆలోచించే మనిషి. పోలీసులు షెడ్డుకే వెళ్లి పట్టుకున్నారు. సంగతి తెలిసి నేను స్టేషనుకు పరుగెత్తి, ఈ బావ కాదండీ, ఆ బావండీ అని మొత్తుకున్నాను. "సొంత బావ దొరికేసరికి మాట మారుస్తున్నావా?" అన్నారు ఎస్సైగారు. నేను ఎంత నిజం చెబితే అంత అబద్ధంలా వినిపించింది. పోనీ ఆ రెండో బావ పేరు చెప్పమన్నారు. నాకు తెలియదు. ఊళ్లో ఎవరికీ తెలియదు, లేదా నోరు రాదు. గంగరాజు మావ ఇంకా ఆసుపత్రిలో మత్తులోనే ఉన్నాడు.

తరువాత అసలువాడి పేరు కేసులోకి ఎక్కింది. ఎక్కితే ఏం లాభం? కాగితంమీద ఒకసారి ఎక్కిన పేరు దిగదట. మా బావ మొదటి ముద్దాయి, అసలువాడు రెండో ముద్దాయి. రెండోవాడు ముందు బెయిలు మీద వచ్చాడు, ఊరేగింపుతో. మా బావ తరువాత వచ్చాడు, బస్సులో. షెడ్డులో పని పోయింది. ఎస్సైగారికి బదిలీ అయింది. రేపు కోర్టులో నేను వేలు పెట్టి వీడు కాదు, వాడు అని చూపించాలి. నేను అడ్డం తిరిగితే అసలువాడు ఇంటికి పోతాడు, మా బావ లోపలికి పోతాడు. దెబ్బ తిన్న గంగరాజు మావ చెబితే పగతో చెబుతున్నాడంటారట. చూసినవాళ్లలో మాట్లాడేది నేనొక్కణ్నే మిగిలాను.

5. స్టీలు కేరేజీ మా అక్క అనూరాధకు తిరిగి అప్పగించాలి.

మా అక్క ఆ రోజు నుంచి నాతో మాట్లాడదు. ఆఖరిసారి అన్న మాట, "నీకు నోరెందుకిచ్చినాడురా దేవుడు?" అయినా పనసపొట్టు కూర వండిన రోజున ఆ కేరేజీ మా గుమ్మంలో ఉంటుంది. ఆవపిండి ఘాటు ఎక్కువగా వేస్తుంది, కళ్లంట నీళ్లు తెప్పించాలనే. కూర బాగుందక్కా. ఇన్నాళ్లూ చెప్పే వీలు లేకపోయింది.

6. చేపల తొట్టి, అందులోని చేపలు మేనకోడలు శ్రావణికి. అందులో నల్లదాని పేరు హోంమంత్రి. ఎప్పుడూ రాయి వెనకాలే ఉంటుంది, మేత వేసినప్పుడు మాత్రం వస్తుంది. బడిలో ఎవరైనా "మీ నాన్న జైలుకెల్లినాడంట కదే" అంటే, ఎల్లినాడు, మా మావయ్యకు తెలుగు రాక, అని చెప్పమ్మా.

7. నా మోటారు సైకిలు, హెల్మెట్టుతో సహా, మా ఊరి పోలీసు స్టేషనుకు.

నవ్వుకోసం రాయడం లేదు. స్టేషనులో ఉన్నది ఒక్క జీపు. అది కొండ ఎక్కదు, దిగితే ఆగదు. బ్యాచ్‌వాళ్లవి కొత్త బళ్లు. ముందొక బండి దారి చూసుకుంటూ పోతుంది, వెనకాల సరుకు బండి వస్తుంది. వెంబడిస్తే ఒడిశా సరిహద్దు దాటేస్తారు. అక్కడి పోలీసులకు ఉత్తరం రాసి, జవాబు వచ్చేలోగా వాళ్లు ఇటే తిరిగొచ్చి టీ తాగుతుంటారు. పట్టుకున్నా, పంచనామాకు సంతకం పెట్టే మనిషి దొరకడు. దొరికినా కోర్టులో నిలబడడు. నిలబడేవాణ్ని కాపాడటానికి మనుషులు లేరు, ఉన్న మనుషులు పెద్దవాళ్ల పర్యటనల బందోబస్తులో తాళ్లు పట్టుకుని ఎండలో నిలబడి ఉంటారు. ఒక పెద్దమనిషి దారినపోయే అరగంటకు జిల్లా అంతా పోలీసులే. గంగరాజు మావ చేతిమీద కత్తి పడిన పూట సంతలో ఒక్క లాఠీ కూడా లేదు. ఇందులో కానిస్టేబుళ్ల తప్పెంతో నాకు తెలియదు. తాళ్లు పట్టించినవాళ్ల తప్పెంతో మాత్రం తెలుసు.

8. గొడుగు హోంగార్డు రాముడికి. సాక్షి రక్షణ కింద నాకు కేటాయించిన బలగమంతా ఈయనే. మొదటి రోజునే నిజం చెప్పేశాడు: "బాబూ, ఆల్లొస్తే నేను నీ ఎనకాలే ఉంటాను." ఉన్నాడు. నిన్నటి నుంచి ఆయన్ని కూడా బందోబస్తుకు తీసుకుపోయారు. వెళుతూ వెళుతూ తన లాఠీ మా ఇంట్లో వదిలేసి వెళ్లాడు. అది వాపసు చేయాలి.

9. నా బీకాం పట్టా మా కాలేజీ నుంచి ఆ బ్యాచ్‌లో చేరిన తమ్ముళ్లకు. ముందు బండి నడిపేది మీరే, పట్టుబడేదీ మీరే. కొత్త ఫోను కొనుక్కున్నారు, స్క్రీను పగిలితే నా దగ్గరికే తెచ్చారు. మీ పెద్ద ఇంతవరకూ ఏ మూటా తన చేత్తో మొయ్యలేదు. బ్యాచ్ అంటే ఒకప్పుడు పరీక్షలు కలిసి తప్పినవాళ్లం. ఆ మాటను కూడా మీరు దోచేశారు.

10. ఇంట్లోని నా గది, అందులోని ఫ్యాను మా అమ్మ లక్ష్మణమ్మకు. ఆ ఫ్యాను మీద ఎవరి పేరూ లేదు, హాయిగా పడుకోవచ్చు. అమ్మ మొదట్లో "ఒరే, సూడనేదని సెప్పేయరా, నీకేటి పోద్ది?" అనేది. ఒకనాడు గంగరాజు మావ ఇంటికొచ్చాడు. కాఫీ గ్లాసు కుడిచేత్తో అందుకోబోయి, ఆగి, ఎడంచెయ్యి చాపాడు. అప్పటి నుంచి అమ్మ ఆ మాట అనలేదు. రేపు కార్తీక సోమవారం, ఉపవాసం. నేను ఇంటికొచ్చేదాకా తినదు. కనుక సాయంత్రంలోగా వచ్చే ఉద్దేశంలోనే ఉన్నాను.

11. సాక్షులను గురించి. వీలునామాకు ఇద్దరు సాక్షులు కావాలని గోపి అన్నాడు. నేను నవ్వాను. మా ఊళ్లోనా? నలుగురైదుగురిని అడిగాం. ఒకాయన కలం చేతిలోకి తీసుకుని, సాక్షి అన్న అక్షరాలు చూసి, కలం కింద పెట్టేసి, "ఇందులో బావ పేరుందా?" అన్నాడు. నా గొడుగు ఎవరికి రాశానో చూసినందుకు కూడా సాక్ష్యం చెప్పలేని ఊరు తయారు చేశారయ్యా, శభాష్. సంతకం పెట్టేవాడికి ఆస్తి రాయకపోవడమే మంచిదని కూడా గోపి అన్నాడు. మా బావకు ఏమీ రాయకపోవడానికి కారణం అదే. గంగరాజు మావ మాత్రం, "షాపు పోతే పోయింది, ఏలుముద్ర ఏస్తాను" అన్నాడు. లాయరుకు అభ్యంతరముంటే షాపు మావ భార్య ఈశ్వరికి రాసినట్టుగా భావించాలి.

12. ఆఖరి సంగతి. అసలువాడి పేరు కేసులోకి ఎలా ఎక్కిందని బ్యాచ్ ఇప్పటికీ వెతుకుతోంది. పోలీసులు కోర్టుకు రాసిన కాగితంలో "విశ్వసనీయ సమాచారం మేరకు" అని ఉంది. ఆ విశ్వసనీయుడు ఎవడా అని ఊళ్లో అందరినీ అనుమానించారు. లక్ష్మీనరసమ్మ పళ్లబుట్ట తన్నేశారు. ఎస్సైగారికి చాటుగా ఉత్తరాలు రాశానని, వీడియో తీశానని, ఫోన్లు బాగుచేసే నెపంతో వాళ్ల మాటలు విన్నానని నామీద ప్రచారం. ఇవేవీ నేను చేయలేదు. చేసేంత తెలివి ఉంటే మొదట్లోనే బావ అని ఉండేవాణ్ని కాదు.

నేను చేసింది ఒక్కటే. ఆ మధ్యాహ్నం ఎస్సైగారు రెండో బావ పేరు అడిగినప్పుడు నేను పైకి చూశాను. ఫ్యాను తిరుగుతోంది. రెక్కల మీద ఎర్రరంగు ఏదో చారలా తిరుగుతోంది. మన దగ్గర గుడికైనా బడికైనా ఫ్యాను ఇచ్చినవాడు రెక్కల మీద ఏం రాయించుకుంటాడో తెలియనివారెవరు? జగన్నాధంగారు కూడా క్యాలెండరు వదిలేసి పైకి చూశారు. "ఒద్దు బాబూ" అన్నారు, చాలా మెల్లగా.

నేను లేచి, గోడ దగ్గరికి వెళ్లి, స్విచ్చు ఆపాను. ఫ్యాను ఆగింది. ఎస్సైగారు తలెత్తి, ఒక్కో రెక్కా పైకే చదివారు. మొదటి రెక్క మీద దాత బలగ ధర్మేంద్ర. రెండో రెక్క మీద తండ్రి సూర్యనారాయణ. మూడో రెక్క మీద మా ఊరి పేరు, వీధితో సహా. ఎఫ్ఐఆర్‌లో అడిగే గడులన్నీ అక్కడున్నాయి.

ఇది చదివి, నా సొంత చేత్తో, ఆదివారం, 16 నవంబరు 2025న సంతకం చేశాను.

లెంక యుగంధర్

సాక్షులు:

గంగరాజు, ఆటో డ్రైవరు (ఎడమచేతి వేలిముద్ర)

మోహనకృష్ణ, బావ (అక్క భర్త)